ఆరు పెట్టెలు, ఒకే నిమిషం

నర్సు చేతికి బేడీ వేసి ఉండటం చూడగానే నాకు ఒళ్ళు మండింది. పద్నాలుగేళ్ళుగా పురుళ్ళు పోస్తున్న చెయ్యి అది. దాన్ని తీసుకెళ్ళి బెంచీ కాలికి తగిలించారు, గోడ దూకి పారిపోతుందన్నట్టు.

"తియ్యి" అన్నాను కానిస్టేబుల్‌తో.

"ఇన్‌స్పెక్టర్‌గారు చెప్పాలి మేడమ్."

"మీ ఇన్‌స్పెక్టర్‌గారు నా చెల్లెలి మొగుడు. నేను ఇంటికెళ్ళి ఒక్క మాట చెప్తే ఈ పూట ఆయనకి అన్నం పుట్టదు. తియ్యి."

తీశాడు. గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. అంటే నాకు మిగిలింది రెండు గంటల నలభై నిమిషాలు.

సంగతి చెప్పేస్తాను, మీకూ తెలియాలి. ఆరు రోజుల క్రితం ఈ నర్సు పనిచేసే ఆరోగ్య కేంద్రంలో ఒక బాలింత రక్తం ఆగక చనిపోయింది. పిల్ల బతికింది. కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్ రెండుసార్లు ఇచ్చినా పనిచెయ్యలేదు. ఆ మందుని ఒక విదేశీ సంస్థ ఉచితంగా పంపుతుంది. ఎండ తగిలితే అది నీళ్ళతో సమానం. అందుకే ప్రతి పెట్టెలోనూ చొక్కా బొత్తాం అంత యంత్రం పెట్టి, పెట్టె ఎంత చల్లగా ఉందో పది నిమిషాలకోసారి బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తారు. ఇక్కడి సిబ్బంది దాన్ని గొలుసు పుస్తకం అంటారు. పన్నెండు దేశాల కంప్యూటర్లలో ఒకే పుస్తకం. ఒకచోట రాస్తే అన్నిచోట్లా పడుతుంది, ఒకసారి పడితే ఇక ఎవడూ చెరపలేడు.

మందు మొదటి నుంచీ చల్లగానే ఉందని పుస్తకంలో ఉంది. కాబట్టి మందు మంచిదే. కాబట్టి నర్సే అసలు మందు అమ్ముకుని నీళ్ళు ఎక్కించింది. ఇదీ వాళ్ళ లెక్క. సాయంత్రం నాలుగింటికి ఆ మాట కూడా అదే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఈ కేంద్రాలన్నిటి మీదా అధికారి అయిన పెద్ద డాక్టరు, ఇన్‌స్పెక్టరైన మా మరిది, ఇద్దరూ తమ సంతకం కార్డులు గీకితే చాలు. ఆ తర్వాత ఆ పన్నెండు దేశాల్లో ఎక్కడికి వెళ్ళినా ఈవిడ ఇక రోగి చెయ్యి పట్టుకోవడానికి వీల్లేదు. అదొక్కటే అయితే కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళం. చావు జరిగిన రోజున ఆ మందు వాడకం అన్ని చోట్లా ఆపేశారు. తప్పు నర్సుదని తేలగానే ఆ నిలుపుదల దానంతటదే తొలగిపోతుంది. నలభై ఒక్క కాన్పు గదుల్లో మళ్ళీ అదే మందు బయటికి తీస్తారు.

నన్ను లాయరుగా పెట్టుకున్నది ఈవిడ అత్తగారు. "మా కోడలికి నోరు ఎక్కువే, ఒప్పుకుంటా. దొంగబుద్ధి మాత్రం లేదు" అంది ముసలావిడ నిన్న మా ఆఫీసుకొచ్చి. ఒక అత్తగారు కోడలి గురించి ఆమాత్రం అందంటే, నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"మొదటి ఇంజెక్షన్ ఎప్పుడిచ్చావమ్మా?" అని అడిగాను.

"మధ్యాహ్నం రెండూ ఐదుకి. బిడ్డ బయటికొచ్చిన నిమిషానికి. రెండోది రెండూ పదిహేనుకి. గర్భసంచి గట్టిపడాలి మేడమ్, రాయిలా అవ్వాలి. పిండిముద్దలా మెత్తగా ఉండిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా నలభై నిమిషాలు రెండు చేతుల్తో నొక్కుతూనే ఉన్నా. ఆ తల్లి నా మొహంలోకే చూస్తా పోయింది."

ఆవిడ ఏడవలేదు. కోపంగా చెప్పింది. అది నాకు నచ్చింది.

"పెట్టెలో బొత్తాం ఎప్పుడైనా చూశావా?"

"పెట్టె అడుగున బిగించి ఉంటుందని ట్రైనింగులో చెప్పారు. అడుగు విప్పితే సస్పెండ్ చేస్తామన్నారు. నేను విప్పలేదు. ఎవరూ విప్పరు."

"పెట్టె నీ దగ్గరికొచ్చినప్పుడు చల్లగా ఉందా?"

"వ్యాన్‌లోంచి దింపినప్పుడు వెచ్చగా ఉంది మేడమ్. అడిగాను. ‘పైన వెచ్చగుంటుంది, లోపల చల్లగుంటుంది, ఫోన్లో చూసుకో’ అన్నాడు డ్రైవరు. చూశాను. ఐదు డిగ్రీలని ఉంది. పుస్తకం ఐదంటే నా చెయ్యి అబద్ధమనుకున్నాను."

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. మా మరిది. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ఫైలు.

"వదినా, నా స్టేషన్‌లో నా ముద్దాయికి మీరు బేడీలు విప్పిస్తున్నారా?"

"నీ ముద్దాయి కాబట్టే విప్పించాను. రేపు నువ్వు క్షమాపణ చెప్పేటప్పుడు కాస్త సిగ్గు తగ్గుతుందని."

"ఇంట్లో ఎన్నైనా అనండి, పడతాను. ఇక్కడ మాత్రం సాక్ష్యం మాట్లాడాలి." ఫైలులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇదిగో. ఆ విడతలో వెళ్ళిన ఆరు పెట్టెలు, ఆరు ఊళ్ళు. ఇరవై రోజుల చల్లదనం. ఎక్కడైనా ఎనిమిది డిగ్రీలు దాటిందేమో చూపించండి. మనుషులు అబద్ధం చెప్తారు వదినా. ఈ పుస్తకం చెప్పదు."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆరు రంగుల్లో ఆరు గీతలు. అన్నీ ఐదు దగ్గర బుద్ధిమంతుల్లా పడుకుని ఉన్నాయి. మధ్యమధ్యలో చిన్న చిన్న బుడిపెలు, ఐదు నుంచి ఆరున్నర దాకా లేచి మళ్ళీ దిగుతూ. వేలితో కొలుచుకుంటూ వెళ్ళాను. ఉదయం పదకొండూ పది. మధ్యాహ్నం మూడూ ఇరవై. మర్నాడు పదకొండూ పది, మూడూ ఇరవై. ఆదివారం ఏమీ లేదు. సోమవారం మళ్ళీ మొదలు.

"ఈ బుడిపెలేమిటి?"

"పెట్టె మూత తీస్తే కాస్త వేడెక్కుతుంది. మామూలే."

"ఆరు ఊళ్ళలో ఆరు పెట్టెల మూతలు రోజూ ఒకే నిమిషానికి తీస్తారా? వ్యాన్‌లో ఊరూరా తిరిగిన మూడు రోజులూ కూడా? చూడు, ఇక్కడ పెట్టె ఇంకా రోడ్డు మీదే ఉంది. పదకొండూ పదికి లేచింది."

మా మరిది కాగితం తన వైపు తిప్పుకున్నాడు. బుడిపెల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "యంత్రం అలా తయారుచేసి ఉంటారు" అన్నాడు చివరికి.

"ఆదివారం సెలవు పెట్టే యంత్రమా? ఆ బొత్తాలు ఇచ్చే స్టోరు ఎక్కడ?"

"ఇక్కడికి గంట దారి. దండగ వదినా."

"దండగైతే నీకేం పోయింది, నా పెట్రోలేగా. నువ్వూ రా. నా మాట తప్పని తేలితే, జన్మలో నీ కేసు జోలికి రాను. మీ ఆవిడ మీద ఒట్టు."

"మీ చెల్లెలి మీద ఒట్టేస్తే పోయేది నాకే" అని గొణుక్కుంటూ నా జీపెక్కాడు.

మందుల స్టోరుకి చేరేసరికి మూడవుతోంది. లోపల ఒక పొడవాటి హాలు, చివర చల్లగది. స్టోరుకీపరు యాభై దాటిన మనిషి, జేబుకి మూడు పెన్నులు. మా మరిది యూనిఫారం చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి, ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకపోయేసరికి మళ్ళీ తుడిచాడు.

"పెట్టె ఒకటి విప్పి చూపించండి" అన్నాను.

"సీలు తీస్తే పుస్తకంలో పడుతుందమ్మా. నాకు మెమో వస్తుంది."

"ఎవరు పంపుతారు?"

"ఎవరూ పంపరు. దానంతటదే వస్తుంది. ఎనిమిది దాటితే మెమో, సీలు కదిలితే మెమో. మూడొస్తే సస్పెన్షను. మొదటి నెలలోనే నాకు రెండొచ్చాయి."

రెండొచ్చాయి. మూడోది రాలేదు.

చల్లగదిలోకి వెళ్ళాం. యంత్రం గురగురలాడుతోంది, చల్లగానే ఉంది, తప్పు పట్టడానికేం లేదు. వెనక షెడ్డులో వ్యాన్ ఉంది. డ్రైవరు లేడు. వెనక తలుపు తీసి చెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టుంది. చల్లబరిచే యంత్రం వైర్లు కత్తిరించి, చివర్లకి టేపు చుట్టి ఉన్నాయి. టేపు మీద దుమ్ము వేలితో గీస్తే గీత పడేంత పేరుకుంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి పనిచెయ్యట్లేదు?"

"అది... మెకానిక్ వస్తానన్నాడమ్మా" అన్నాడు స్టోరుకీపరు. దొంగకి తేలు కుట్టినట్టుంది అతని మొహం.

మా మరిది వాచీ చూసుకున్నాడు. "వ్యాన్ పాడైతే పుస్తకంలో వేడి కనపడాలి కదా వదినా. కనపడలేదు. అంటే ఈ వ్యాన్‌లో ఆ పెట్టెలు వెళ్ళలేదు. మూడూ పది అయింది. బయల్దేరదాం పదండి."

"పది నిమిషాలు కూర్చో."

"ఎందుకు?"

"మూడూ ఇరవై ఎలా ఉంటుందో చూద్దాం."

హాలులో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆరు గీతలూ తెర మీద మెల్లగా సాగుతున్నాయి. నలభై ఒక్క కేంద్రాల్లో ఏ ఆరింటినైనా చూడొచ్చు. నర్సు కేంద్రం పదిహేడో నంబరు. దాన్ని పైన పెట్టించాను. గుమస్తాలు తలలొంచుకుని రాసుకుంటున్నారు. స్టోరుకీపరు మాత్రం రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

మూడూ పదహారుకి మూలన స్టూలు మీద కూర్చున్న ఆయమ్మ లేచింది. గ్లాసుల ట్రే తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

"కూర్చో అమ్మా, టీ తర్వాత" అన్నాడు స్టోరుకీపరు.

"ఇప్పుడు పెట్టకపోతే నాలుగైపోద్ది బాబూ. తర్వాత మీరే గొణుగుతారు" అందావిడ వెనక్కి తిరక్కుండానే.

నేనూ ఆవిడ వెనకే వెళ్ళాను. చిన్న గది, గ్యాసు పొయ్యి, ఒక పాత ఫ్రిజ్. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, పాల ప్యాకెట్లు పైకి తీసి, తలుపు అలాగే వదిలేసి పొయ్యి ముట్టించుకుంది. ఆ తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు కాబోలు, కాలితో నెట్టే అలవాటున్నట్టుంది ఆవిడకి. ఇంకా నెట్టలేదు.

"వదినా" అని హాల్లోంచి మా మరిది పిలిచాడు. "గీతలు లేస్తున్నాయి. ఆరూ లేస్తున్నాయి."

ఫ్రిజ్ తలుపు అరలో బిస్కెట్ డబ్బా ఒకటుంది. మూత తీశాను. లోపల బొత్తాలు. ఒక్కోదానికీ తెల్ల టేపు, టేపు మీద నంబరు. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా, దారంతో గుచ్చి ఉన్నాయి. పదిహేడో నంబరు బొత్తాన్ని పట్టుకుని హాల్లోకొచ్చి మా మరిది అరచేతిలో పెట్టాను.

"ఇదిగో నీ సాక్షి. ముప్ఫై కిలోమీటర్ల అవతల మనిషి చచ్చిపోతుంటే ఇది ఇక్కడ పాల ప్యాకెట్ల పక్కన చల్లగా కూర్చుంది. అబద్ధం చెప్పలేదు పాపం. దాని చుట్టూ ఐదు డిగ్రీలే ఉంది, ఐదే రాసింది."

మా మరిది బొత్తాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆ తర్వాత స్టోరుకీపరు కాలరు పట్టుకున్నాడు.

"వదులు" అన్నాను. "బేడీలు, కాలర్లు తప్ప ఇంకేం రాదా నీకు? అతన్ని మాట్లాడనీ."

స్టోరుకీపరు కాలరు సర్దుకున్నాడు. భయం పోయింది, దాని చోట ఉక్రోషం వచ్చింది. "నేనేం చెయ్యనమ్మా? ఎండలో వ్యాన్ పంపితే మెమో. వ్యాన్ ఆపితే మందు అందలేదని మెమో. బాగుచేయించమని రాస్తే జవాబు లేదు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు నాకు. మూడో మెమో పడితే ఉద్యోగం పోతుంది. అందుకే సీలు వెయ్యకముందే బొత్తాలు తీసి ఇక్కడ పెట్టాను."

"ఉద్యోగం పోతుందని మనిషి ప్రాణం తీశావు" అన్నాడు మా మరిది.

"నేను దాచలేదు సార్." అతని గొంతు హాలంతా వినపడింది. గుమస్తాలు తలలెత్తారు. "దొంగతనంగా పెట్టానంటే ఊరుకోను. నేను రాశాను. అదే పుస్తకంలో రాశాను. మీరెవరూ చదవకపోతే నాదా తప్పు?"

"చూపించు" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చుని వెనక్కి వెనక్కి వెళ్ళాడు. ప్రతి పెట్టె వివరాల కింద వ్యాఖ్యలు రాసుకునే గడి ఒకటుంది. తేదీ చూశాను. చావుకి ఇరవై ఆరు రోజుల ముందు.

‘వ్యాన్‌లో చల్లదనం లేదు. బొత్తాలు పెట్టెల్లో లేవు, స్టోరు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మందు మూడు రోజులు ఎండలో వెళ్తోంది. ఏం చెయ్యమంటారో చెప్పగలరు.’

దాని కిందే జవాబు. మర్నాడు ఉదయం తొమ్మిదీ నలభైకి.

‘చదివాను. సంస్థవాళ్ళు చూడ్డానికి వచ్చి వెళ్ళేదాకా అలాగే కానివ్వండి.’

పక్కన సంతకం కార్డు గుర్తు. పెద్ద డాక్టరుది.

నర్సు మీద ఫిర్యాదు రాసిచ్చింది ఆయనే. ఆ బాలింత మొగుడి భుజం మీద చెయ్యి వేసి, ‘నీళ్ళు ఎక్కించి చంపేసిందయ్యా నీ భార్యని’ అని చెప్పింది ఆయనే. అన్నీ తెలిసి చెప్పాడు. ఎదురుగా ఉంటే ఆ మనిషిని ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, వీళ్ళందరి పాపానికీ ఆ నర్సు స్టేషన్ బెంచీ మీద కూర్చుంది.

"ఆయన కూడా చెరపలేకపోయాడు" అన్నాను. "అందుకే నాలుగింటికి ఇంత తొందర. కేసు మూసేస్తే ఎవరూ వెనక్కి తిప్పి చదవరని. టైమెంత?"

"మూడూ నలభై ఆరు" అన్నాడు మా మరిది.

"సరే. నీ కార్డు గీకకు. నీ కార్డు లేకపోతే అది ఎక్కదు కదా. తర్వాతి సంగతి తర్వాత."

అతను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"కార్డు ఏదిరా?" అన్నాను. పాతికేళ్ళలో చెల్లెలి మొగుణ్ణి నేను ‘రా’ అనలేదు.

"పొద్దున పెద్ద డాక్టరుగారికి ఇచ్చాను." నేలకేసి చూస్తూ చెప్పాడు. "నాలుగింటికి నాకు వేరే పనుంటుందేమో, మీరే గీకెయ్యండి సార్ అన్నాను. అందరూ అలాగే ఇస్తారు వదినా. ఆయన సొరుగు నిండా అవే."

"ఫోను చెయ్యి. రద్దు చేయించు."

"కార్డు రద్దు చెయ్యాలంటే... ఆయనే చెయ్యాలి."

స్టోరుకీపరు తెర వైపు చెయ్యి చూపించాడు. కొత్త వరస ఒకటి పడుతోంది. నాలుగింటిదాకా కూడా ఆగలేదు మహానుభావుడు. నర్సు పేరు. ఆవిడ రిజిస్ట్రేషన్ నంబరు. ‘మందు మార్చి రోగి మరణానికి కారణమైనట్టు నిర్ధారణ.’ కింద రెండు సంతకాలు. ఒకటి పెద్ద డాక్టరుది.

"రెండోది చదువు" అన్నాను.

మా మరిది చదవలేదు. దగ్గరికెళ్ళి అతని మెడ పట్టి తెర వైపు తిప్పాను. తిప్పనిచ్చాడు.

"పుస్తకం అబద్ధం చెప్పదన్నావుగా. నీ పేరే. పన్నెండు దేశాల్లో పడింది. ఆ నర్సు దోషి అని నువ్వు చెప్పావు."

"మేడమ్" అన్నాడు స్టోరుకీపరు. నన్నంతవరకూ అమ్మా అంటున్నవాడు మేడమ్ అన్నాడు. "ఇది చూడండి."

కేంద్రాల పట్టిక. నలభై ఒక్క వరసలు. ఆరు రోజులుగా ప్రతి వరస చివరా ఎర్రగా ఉన్న గుర్తు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారుతోంది. ఒకటి, రెండు, ఐదు. ‘మందు వాడవచ్చు.’ ఆ ముక్క ప్రతి నర్సు ఫోనుకీ దానంతటదే వెళ్ళిపోతుందట.

"నంబర్లు ఇవ్వు" అన్నాను. "కేంద్రాల ఫోన్ నంబర్లు, మొత్తం. మరిదీ, నువ్వు పైనుంచి చెయ్యి, నేను కిందనుంచి చేస్తాను. ఆ ఇంజెక్షన్ ముట్టుకోవద్దని చెప్పు, ఇంకేం చెప్పక్కర్లేదు. గుమస్తాలూ, మీకు ఫోన్లు లేవా? లేచి రండి."

కుర్చీలు కదిలాయి. నేను నలభై ఒకటో నంబరు కొట్టాను. ఐదోసారి మోగాక ఎవరో ఎత్తారు, ఆయా గొంతు.

"సిస్టర్ ఉందా? ఫోన్ ఇవ్వు, అర్జెంటు."

"కాన్పు గదిలో ఉందండీ. బిడ్డ ఇప్పుడే పుట్టింది, మగపిల్లాడు. తల్లికి రక్తం పోతావుంటే, సూది మందు వాడొచ్చని ఫోన్లో వచ్చిందంట, తీసుకుని లోపలికెళ్ళింది." ఆవిడ ఎవరికో పక్కకి జరగమని చెప్పింది. "ఉండండి, పిలుస్తా."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ, ఏ తొందరా లేకుండా నడిచి వెళ్తున్న చప్పుడు.